ఆదివారం బ్యాచ్‌కు చెప్పని సంగతి

పదమూడేళ్ల వయసులో నేను కరాటేలో చేరాను. మాది ఆళ్లగడ్డలో బట్టల అంగడి. క్లాసు జరిగేది నంద్యాలలో. ప్రతి ఆదివారం పొద్దున మా నాయన నన్ను బస్టాండుకు తీసుకొచ్చి, ఎవరైనా ఆడమనిషి పక్కన సీటు చూసి కూర్చోబెట్టి, బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడేవాడు. తొమ్మిదేళ్లలో ఒక్క ఆదివారం కూడా ఆయన ఆ పని ఇంకొకరికి అప్పగించలేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది విని ఆయనకు నా మీద ప్రేమ లేదని ఎవరూ అనుకోకూడదు. ప్రేమ ఉంది. ఉండీ అలా చేశాడు.

మా మాస్టర్ నంద్యాలలో ఒక బడి మైదానంలో నేర్పేవాడు. పొడుగాటి మనిషి, మాటలు తక్కువ. ఆదివారం బ్యాచ్‌లో అందరం ఆడపిల్లలమే. ఆయన మాకు ముఖ్యంగా కటాలు నేర్పేవాడు. కటా అంటే ఒక వరుసలో కూర్చిన కదలికలు. ఎదుట ఎవరూ ఉండరు. నాలుగు వైపుల నుంచి మనుషులు మీదికి వస్తున్నారనుకుని, ఒక్కరమే తిరుగుతూ, అడ్డుకుంటూ, గుద్దుతూ పోవాలి. నాకు అది బాగా పట్టుబడింది. మోకాలు ఎంత వంగాలో, తల ఎప్పుడు తిరగాలో నా ఒంటికి తెలిసిపోయేది. పతకాలు వచ్చాయి. బ్లాక్ బెల్టు వచ్చింది. బెల్టు కట్టుకుని నేను దిగిన ఫొటోకు మా నాయన ఫ్రేమ్ కట్టించి అంగడిలో గల్లాపెట్టె వెనక తగిలించాడు. చీరలు కొనడానికి వచ్చినవాళ్లకు చూపించి, "మా పాప" అనేవాడు.

అందరికంటే ముందు నేర్పే మొదటి కటాలో నాలుగో కదలిక ఒకటుంది. మూడో లెక్కకు కుడి చేత్తో కిందికి అడ్డుకుంటాం. నాలుగో లెక్కకు అదే చేతిని వెనక్కి గుంజి, పైనుంచి తిప్పి, పిడికిలి అడుగుతో సుత్తి దించినట్టు కొడతాం. చేరిన ఏడాదిలోనే నాకు ఒక అనుమానం వచ్చి అడిగాను.

"మాస్టర్, ముందే అడ్డుకున్నాం కదా. మళ్ల చెయ్యి వెనక్కి ఏంటికి గుంజాల?"

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. "అందం కోసరం మ్మా. జడ్జీలు అదే చూస్తారు" అన్నాడు.

నేను నమ్మాను. ఆ కదలికను అందంగా చేయడానికి ఎంత కష్టపడ్డానో చెప్పలేను. అద్దం ముందు, అంగడి వెనక గోడౌన్లో, మిద్దె మీద, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ చేసేదాన్ని.

పద్దెనిమిది దాటాక మాస్టర్ నన్ను చుట్టుపక్కల బళ్లకు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. స్టేజీ మీద నా చేత కటా చేయించి, మైకు పట్టుకుని, "ఈ పిల్లను ముట్టుకునే మొగోడు లేడు" అనేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ తర్వాతి వారం క్లాసులో కొత్త ముఖాలు కనబడేవి. డిగ్రీ అయిపోయిన ఎండాకాలంలో ఆళ్లగడ్డలోనే ఒక బడివాళ్లు అడిగితే, నలభై మంది ఆడపిల్లలకు నేనే రెండు నెలలు నేర్పాను. మాస్టర్ నేర్పినట్టే నేర్పాను. ఆయన మాటలే చెప్పాను.

ఆ ఎండాకాలం పోయాక ఒక ఆదివారం, నంద్యాల నుంచి తిరిగి వస్తుంటే శిరివెళ్లలో బస్సు ఆగిపోయింది. వెనక టైరు కూర్చుందని, వెనకాల వచ్చే బస్సులో పొమ్మని కండక్టరు అందరినీ దింపేశాడు. సాయంత్రం ఐదు గంటలు. ఎండ ఇంకా ఉంది. స్టాపులో పాతికమంది దాకా ఉన్నాం. ఒకడు వచ్చి నా కుడి మణికట్టు పట్టుకున్నాడు. బస్సులో నా వెనక సీట్లో కూర్చున్న మనిషే. నలభై ఏళ్లుంటాయి. తెల్ల చొక్కా, చేతిలో బత్తాయిల కవరు. చూస్తే ఎవరికీ అనుమానం రాదు.

"పాం పా" అన్నాడు, ఎన్నాళ్లో తెలిసినవాడిలా. కాస్త దూరంలో ఆగి ఉన్న ఆటో వైపు గుంజాడు.

నేను అరిచాను. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. వాడు వాళ్లతో నెమ్మదిగా, "మా అక్క కూతురప్పా. ఇంట్లో అలిగి వచ్చేసింది" అన్నాడు. ఆ ఒక్క మాటతో అందరూ చల్లబడిపోయారు. ఇద్దరు ఫోన్లు తీశారు గాని ముందుకు రాలేదు.

నాకు తెలిసిందంతా చేశాను. కాళ్లు దూరంగా పెట్టి, మోకాలు వంచి, ఎడమ చేత్తో గుద్దాను. వాడు నా కుడి చెయ్యి వదలకుండా కాస్త పక్కకు ఒరిగాడు. నా గుద్దు వాడి భుజానికి రాసుకుని పోయింది. చెయ్యి లాక్కోవాలని చూశాను. నేను ఎంత గుంజితే వాడి పట్టు అంత బిగిసింది. నా సంచి కింద పడి, అందులోంచి నల్ల బెల్టు బయటికి జారింది. ఎవడో నవ్వుతూ, "కరాటే పిల్ల అంటప్పా" అన్నాడు. పట్టుకున్నవాడు నన్ను నాలుగడుగులు ఈడ్చుకుపోయాడు.

ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముకునే ఒకామె బండి వదిలి మాకు అడ్డం వచ్చింది. చేతిలో గంటె అలాగే ఉంది.

"నీ అక్క కూతురా?" అని వాణ్ణి అడిగింది.

"అవునమ్మా."

"పేరేందో చెప్పు."

వాడు ఆటో వైపు చూశాడు.

"అక్క కూతురంటివే. పేరు చెప్పుప్పా."

వాడు నా చెయ్యి వదిలేసి, బత్తాయిల కవరు సర్దుకుని, పరుగెత్తకుండా నడిచి వెళ్లి ఆటో ఎక్కాడు. ఆమె గుంపు వైపు తిరిగి, "నిలబడి చూస్తాండారే, మీ ఇంట్లో ఆడోళ్లు లేరా" అని తిట్టింది. నాకు నీళ్లిచ్చి, బస్సు వచ్చాక తనే ఎక్కించింది. ఆమె పేరు నేను అడగనే లేదు.

ఇంట్లో, క్లాసులో కింద పడ్డానని చెప్పాను. మణికట్టు వాచి, వేళ్ల ముద్రలు నల్లగా తేలాయి. పూర్తి చేతుల జాకెట్టు వేసుకుని అంగట్లో కూర్చున్నాను. వచ్చిన ప్రతి మనిషి గల్లాపెట్టె వెనక ఫొటో చూస్తుంటే తల తిప్పుకునేదాన్ని. అప్పటికి నాకు ఎవరి మీదా అనుమానం లేదు. తప్పు నాదే అనుకున్నాను. సరిగ్గా సాధన చేసి ఉండను, భయపడి ఉంటాను, అందుకే చెయ్యి ఆడలేదు అనుకున్నాను. మాస్టర్‌కు చెప్పి, ఎక్కడ పొరపాటు చేశానో అడుగుదామని ఆదివారం దాకా ఆగలేక, కాలేజీలో సర్టిఫికెట్ పని ఉందని చెప్పి ఒక బుధవారం తెల్లవారే బస్సెక్కాను.

పొద్దున పూట మాస్టర్ మగపిల్లలకు వేరే బ్యాచ్ నడుపుతాడని విన్నాను గాని ఎప్పుడూ చూడలేదు. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు వాళ్లు. మైదానంలో పది పన్నెండు మంది ఆయన చుట్టూ నిలబడి ఉన్నారు. ఆయన మొదటి కటా చేయిస్తున్నాడు. నేను సైకిల్ స్టాండు దగ్గర ఆగాను. మూడో లెక్క దగ్గర ఆయన చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"ఈడ మీ చెయ్యి వాడు పట్టుకున్నాడు. ఇప్పుడేం చేస్తారు?"

ఒక పిల్లవాడు ముందుకొచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"బలంతో గుంజితే రాదు. వాని బొటనేలు యాడుండాదో చూడు. బొటనేలికీ మిగతా ఏళ్లకీ నడుమ సందుంటాది. నీ మణికట్టు ఆ సందులోకి తిప్పు. నడుముతో పాటు కాలు కూడా వెనక్కి పోవాల. చెయ్యి దానంతట అదే వస్తాది. వచ్చినంక పైనుంచి వాని మీద దించు. నాలుగో లెక్క దీనికే ఉండాది."

ఆయన చెయ్యి ఇట్టే బయటికి వచ్చింది. పిడికిలి ఆ పిల్లవాడి మెడ ఎముక మీద వేలెడు దూరంలో ఆగింది. తర్వాత ఆయన ఇంకోటి చూపించాడు. కటాలో మేం గుద్దేటప్పుడు రెండో పిడికిలిని నడుము దగ్గరికి లాక్కుంటాం. అది ఖాళీ పిడికిలి కాదట. అందులో ఎదుటివాడి చెయ్యి ఉంటుందట. వెనక్కి తిరగడం కూడా వెనకవాడి కోసం కాదట. పట్టుకున్న చేతిని నడుముకు లాగి, వాడి కాలికి మన కాలు అడ్డంపెట్టి అలా తిరిగితే వాడు మన తొడ మీదుగా కింద పడతాడు. ఆయన తిరిగాడు. ఆ పిల్లవాడు మన్నులో పడి, దులుపుకుంటూ నవ్వుతూ లేచాడు.

నేను తొమ్మిదేళ్లు చేసిన కటా అదే. ఒక్క కదలిక కూడా తేడా లేదు. నాకు వెంటనే కోపం రాలేదు. నన్ను కూర్చోబెట్టి చదివించిన పుస్తకంలో అక్షరాలు మాత్రమే చూపించి, భాష ఇంకెవరికో నేర్పుతున్నారని తెలిసినట్టు అనిపించింది.

పిల్లలు నీళ్లు తాగడానికి పోయినప్పుడు మాస్టర్ నన్ను చూశాడు. "ఏంది మ్మా, ఈ రోజు వచ్చినావు?" అన్నాడు. నేను చెయ్యి చాపి, శిరివెళ్లలో జరిగింది చెప్పాను. "నీకేం కాలేదు కదా" అని రెండుసార్లు అడిగాడు.

"చిన్నప్పుడు నేనడిగితే అందం కోసరం అని చెప్పినారు మాస్టర్."

"మీ నాయన చెప్పినాడు మ్మా" అన్నాడాయన. "నిన్ను చేర్పించిన రోజే చెప్పినాడు. మా పిల్లకు కొట్లాటలు నేర్పొద్దు, కటాలు నేర్పు, బెల్టు ఇప్పించు చాలు అన్యాడు. నేను సరే అన్యా. మీ నాయన ఒక్కడే కాదు, ఆదివారం బ్యాచ్‌లో శానామంది నాయనలు అట్లనే చెప్పినారు. కొందరికి చెప్పి కొందరికి చెప్పకుంటే బాగుండదని ఎవురికీ చెప్పల్యా."

"మరి స్టేజీ మీద నన్ను నిలబెట్టి, ముట్టుకునే మొగోడు లేడని ఏంటికి చెప్పినారు?"

ఆయన వదులు కాని బెల్టును విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

తిరుగు బస్సులో శిరివెళ్ల వచ్చినప్పుడు నేను బయటికి చూడలేదు. మధ్యాహ్నం అంగడికి చేరేసరికి నాయన ఒక్కడే ఉన్నాడు. చీరలు మడతపెడుతున్నాడు.

"నాకు కొట్లాటలు నేర్పొద్దని మాస్టర్‌కు చెప్పినావా నాయనా?"

ఎవరు చెప్పారని గాని, అబద్ధమని గాని ఆయన అనలేదు. మడత పూర్తి చేసి పక్కన పెట్టాడు.

"చెప్పినా. మనం అంగడోళ్లం. ఈ ఊర్లో నేను ఏమేం చూసినానో నీకు తెలీదు. నువ్వు ఎవునిమీదనో చెయ్యి చేసుకుంటే వాడొక్కడే రాడు. వాని మనుషులు వస్తారు. అంగడి ముందరికే వస్తారు. అప్పుడు నేనేం చేయాల?" అని ఇంకో చీర అందుకుని, "నీకు ధైర్యం వస్తే చాలనుకున్యా. ధైర్యం వచ్చింది కదా" అన్నాడు.

"ధైర్యం వచ్చింది నాయనా. పట్టుకున్న చెయ్యి విడిపించుకునేది రాలేదు."

జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించి, అంతా చెప్పాను. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. "నాకేంటికి చెప్పల్యా?" అన్నాడు.

"నువ్వు నాకు చెప్పినావా?"

ఆ తర్వాత మేమిద్దరం చాలా రోజులు అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. ఫొటో గోడ మీంచి ఎప్పుడు దిగిందో నేను గమనించలేదు. దించింది ఆయనే. నేను అడగలేదు.

వాళ్లిద్దరి మీద కోపంతో తిరుగుతుంటే, ఎండాకాలంలో నేను నేర్పిన నలభై మంది గుర్తొచ్చారు. వాళ్లలో శిరివెళ్ల మీదుగా రోజూ బస్సులో వచ్చేవాళ్లున్నారు. మీకిప్పుడు ఎవరన్నా భయపడాల్సిన పని లేదని చివరి రోజు నేనే చెప్పి పంపాను. ఆ బడి హెడ్మిస్ట్రెస్‌ను ఒక గంట అడిగి తీసుకుని, పిల్లలను కూర్చోబెట్టి, నేను నేర్పింది ఎవరైనా పట్టుకుంటే పనికి రాదని చెప్పాను. నా చేతికి జరిగింది కూడా చెప్పాను. వాళ్లు బిగుసుకుపోయి విన్నారు.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచింది. "అట్లయితే ఎండాకాలమంతా మాతో ఏం చేపిచ్చినావక్కా?"

"నాకు తెలీక చేపిచ్చినా."

"నేను అడిగినా కదక్కా, చెయ్యి మళ్లీ ఏంటికి గుంజాల అని. అందం కోసరం అన్యావు."

ఆ పిల్ల అడిగిన సంగతి నాకు గుర్తు లేదు. కానీ ఆ మాట నాదేనని తెలుసు. మాస్టర్ కనీసం తెలిసి చెప్పాడు. నేను తెలుసుకోకుండానే చెప్పాను. నేను మోసపోయానని ఎవరితోనైనా చెప్పుకోవాలనుకుంటే ఇప్పటికీ ముందు ఆ పిల్ల ముఖం గుర్తొస్తుంది.

వాళ్లకు సరిగ్గా నేర్పాలంటే ముందు నేను నేర్చుకోవాలి. చుట్టుపక్కల అది తెలిసిన మనిషి ఒక్కడే. అంతకంటే అవమానం నాకు ఇంకోటి లేదు. అయినా మూడు నెలలు పొద్దున బ్యాచ్‌కు పోయాను. నాయన వద్దనలేదు. మొదటి బస్సుకు ఎప్పటిలాగే వచ్చి కిటికీ కింద నిలబడ్డాడు. నేను ముందుకే చూస్తూ కూర్చునేదాన్ని.

మగపిల్లలు నా చెయ్యి పట్టుకోవడానికి మొహమాటపడ్డారు. మాస్టర్ వాళ్లను పక్కకు జరిపి, "నేను పట్టుకుంటా" అని తనే నా మణికట్టు పట్టుకున్నాడు. వాచిన చోటే పట్టుకున్నాడు. మొదటి రెండు రోజులు నాకు రాలేదు. చేతితోనే గుంజుతున్నాను. "నడుము మ్మా, నడుము" అనేవాడు. మూడో రోజు నడుము వెనక్కి పోయింది. చెయ్యి జారి బయటికొచ్చింది. అంత సులువుగా వస్తుందని నమ్మలేక నా చేతినే చూస్తూ నిలబడిపోయాను. ఆ సంతోషంలోనే ఏడుపు వచ్చింది. ఎనిమిదేళ్ల కిందట ఒక్క పూటలో చెప్పగలిగే సంగతి అది.

నెల తిరిగేసరికి విసరడం వచ్చింది. మొదటిసారి ఆయన్నే విసిరాను. చెయ్యి నడుముకు లాక్కుని తిరిగితే, అంత పొడుగు మనిషి నా తొడ మీదుగా పోయి మన్నులో పడ్డాడు. లేచి దులుపుకుని, "కాలు ఇంకొంచెం లోపలికి పెట్టు. ఇంకోసారి" అన్నాడు. ఎంత ఓపికగా చెప్పేవాడో. ఎక్కడ నొప్పి పుడుతుందో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వదిలేసి పరుగెత్తాలో, అన్నీ చెప్పాడు. చేతకాని గురువైతే నేను ఎప్పుడో క్షమించి ఉండేదాన్ని. ఇంత బాగా చెప్పగలిగినవాడు నాకు చెప్పకుండా ఉండిపోయాడన్నదే నాకు మింగుడు పడలేదు. క్లాసు మొదట్లో, చివర్లో అందరితో పాటు ఆయనకు వంగి నమస్కరించేదాన్ని. అది నియమం కాబట్టి చేశాను.

ఇప్పుడు ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే షెడ్ల పక్కన ఒక ఖాళీ జాగాలో వారానికి మూడు రోజులు నేర్పుతున్నాను. ఉలుల చప్పుడులో లెక్క గట్టిగా అరవాలి. కటా ఇప్పటికీ నేర్పుతాను. ప్రతి కదలిక దగ్గరా ఆపి, ఇది దేనికో చెప్పి, ఇద్దరిద్దరిని నిలబెట్టి చేయిస్తాను. ఆ నలభై మందిలో పదకొండు మంది వచ్చారు. నన్ను నిలదీసిన పిల్ల రాలేదు. రెండుసార్లు కబురు పంపాను. ఇంక చాల్లే అక్కా అందట.

కిందటేడు ఒక తండ్రి అంగడికొచ్చి, పక్కకు పిలిచి, "మా పాపకు ఆ పట్టుకునేవి, పడేసేవి వద్దమ్మా. ఊరికే కటాలు చెప్పండి" అన్నాడు. మంచి మనిషి. నెమ్మదిగానే అడిగాడు. మా నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని వింటున్నాడు.

"అట్ల నేర్పనన్నా" అన్నాను. "మీకు ఇష్టం లేకపోతే మాన్పించండి. తెలియకుండా మాత్రం నేర్పను."

ఆయన మాన్పించాడు. ఆ పిల్లకు పదేళ్లు, బాగా వంగేది. ఆయన వెళ్లిపోయాక మా నాయన నావైపు చూడకుండా, "నీదే సరి" అన్నాడు. మా ఇద్దరి మధ్య ఆ సంగతి మీద నడిచిన మాట ఆ తర్వాత అదొక్కటే.

మొన్న నంద్యాల బస్టాండులో మాస్టర్ కనబడ్డాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. పక్కన కూర్చుని, నా క్లాసు గురించి అడిగాడు, చెప్పాను.

"ఆదివారం పిల్లలకు కూడా అన్నీ చెప్తాండా మ్మా ఇప్పుడు" అన్నాడు. "రెండేండ్లాయ. వాళ్ల నాయనలను కూడా కూర్చోబెట్టే చెప్తాండా."

"మంచిది మాస్టర్" అన్నాను.

ఆయన ఇంకేదో మాట కోసం నా ముఖం చూస్తూ ఉన్నాడు. ఆ మాట ఏదో నాకు తెలుసు. నోటిదాకా రాలేదు. ఆళ్లగడ్డ బస్సు వచ్చింది. పోయొస్తానని చెప్పి ఎక్కాను.